లూథరన్ బిషప్ పదవి: ఐవింద్ బెర్గ్‌గ్రావ్ జీవితం ఆధారంగా కొన్ని అపోహలు, వాస్తవాలు

సంఘ చరిత్రను బోధించే పాస్టరుగా నన్ను విద్యార్థులు, సంఘ పెద్దలు తరచుగా అడిగే ప్రశ్నలు బిషప్ పదవి చుట్టూనే తిరుగుతాయి. బిషప్‌కు అధికారం ఎక్కడి నుంచి వస్తుంది, ఆ అధికారాన్ని ఎవరైనా తీసివేయగలరా, ప్రభుత్వం ఒకటి చెప్పి వాక్యం మరొకటి చెప్పినప్పుడు ఆయన ఎటు నిలబడాలి అనేవి వాటిలో ముఖ్యమైనవి. ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరుకు వచ్చిన నాటి నుంచి తెలుగు నేల మీద లూథరన్ సంఘం ఉన్నప్పటికీ, ఈ ప్రశ్నలకు మనలో చాలామంది చెప్పుకునే జవాబులు రోమన్ కథోలిక ఆచారాన్ని చూసి కొంత, ప్రభుత్వ కార్యాలయాల పద్ధతిని చూసి కొంత ఏర్పడినవే తప్ప, లూథరన్ ఒప్పుకోలు నుంచి వచ్చినవి కావు.

అందుకే ఈ పాఠం చెప్పేటప్పుడు నేను సిద్ధాంతంతో కాకుండా ఒక మనిషి జీవితంతో మొదలుపెడతాను. ఆయన నార్వే దేశంలో ఓస్లో బిషప్‌గా ఉన్న ఐవింద్ బెర్గ్‌గ్రావ్. 1884 అక్టోబరు 25న స్టవాంగర్‌లో పుట్టి, 1959 జనవరి 14న మరణించారు. లూథరన్ బిషప్ అంటే ఏమిటో ఇరవయ్యో శతాబ్దంలో ఆయన జీవితం చూపినంత స్పష్టంగా చూపిన జీవితాలు తక్కువ. అయితే ఆయన గురించి కూడా అపోహలు పెరిగాయి. రెండింటినీ కలిపి ఇక్కడ చర్చిస్తాను.

అపోహ: బిషప్ అంటే సంఘానికి పాలకుడు. పాస్టర్ల కంటే ఒక మెట్టు పైనున్న వేరొక పరిశుద్ధ తరగతికి చెందినవాడు.

లూథరన్ల ప్రధాన ఒప్పుకోలు అయిన, 1530లో సమర్పించిన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలోని 28వ అధికరణం బిషప్పుల అధికారం గురించే రాసినది. సువార్తను ప్రకటించడం, పాపాలను క్షమించడం లేదా క్షమించకుండా నిలిపి ఉంచడం, సంస్కారాలను నిర్వహించడం, సువార్తకు విరుద్ధమైన బోధను తోసిపుచ్చడం మాత్రమే దేవుడు బిషప్‌కు ఇచ్చిన అధికారమని, దానిని మానవ బలంతో కాక వాక్యంతోనే నెరవేర్చాలని ఆ అధికరణం చెబుతుంది. ఆస్తులు, న్యాయస్థానాలు, పన్నులు వంటి వాటిపై బిషప్పులకు ఏదైనా అధికారం ఉంటే అది మానవ చట్టం ఇచ్చినదే తప్ప సువార్త ఇచ్చినది కాదని కూడా అందులో ఉంది. ఈ రెండో వాక్యాన్ని గుర్తుపెట్టుకోవాలి. 1942లో నార్వేలో జరిగినదంతా దీని మీదనే ఆధారపడి ఉంది.

లూథరన్ దృష్టిలో పాస్టరుకు, బిషప్‌కు ఇచ్చిన వాక్య పరిచర్య ఒక్కటే. బిషప్ పాస్టర్లకు పాస్టరు, అనేక సంఘాలపై పర్యవేక్షణ బాధ్యత గలవాడు. అభిషేకం నాడు ఆయనపై చేతులుంచి ప్రార్థించేది ఆ బాధ్యత కోసమే.

అపోహ: అపొస్తలుల నుంచి తెగకుండా వచ్చిన హస్తనిక్షేపణ (చేతులుంచి అభిషేకించే) పరంపర లేకపోతే ఆ బిషప్ చెల్లడు.

లూథరన్ సంఘాల్లో ఈ విషయంలో రెండు దారులు ఉన్నాయి. స్వీడన్‌లో ఆ పరంపర సంస్కరణ కాలంలో కూడా తెగలేదు. డెన్మార్క్, నార్వేలలో తెగిపోయింది. 1537 సెప్టెంబరు 2న కోపెన్‌హాగెన్‌లో లూథర్ సహచరుడైన యోహాన్నెస్ బూగెన్‌హాగెన్ ఏడుగురు కొత్త పర్యవేక్షకులను అభిషేకించారు. వారిలో నార్వేలోని బెర్గెన్‌కు నియమితుడైన గేబ్లే పెడెర్సన్ కూడా ఉన్నారు. బూగెన్‌హాగెన్ బిషప్ కారు, పాస్టరు మాత్రమే. అంటే బెర్గ్‌గ్రావ్ అభిషేకపు వరుసను వెనక్కి తీసుకుపోతే అది ఒక పాస్టరు చేతుల దగ్గరకు చేరుతుంది. ఆయన పరిచర్య చెల్లుబాటును లూథరన్లెవ్వరూ ఈ కారణంతో ప్రశ్నించలేదు, ఎందుకంటే సంఘం నిలిచేది వాక్యం మీద, సంస్కారాల మీద.

మన దక్షిణాదిలో కూడా ఈ రెండు దారులూ కనిపిస్తాయి. తమిళ సువార్త లూథరన్ సంఘానికి స్వీడన్ సంబంధం వల్ల 1921 నుంచి ట్రాంక్విబార్ బిషప్ ఉన్నారు. 1956లో రాజా మాణిక్యం ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు. 1927లో ఏర్పడిన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘాన్ని అనేక దశాబ్దాలు అధ్యక్షులే నడిపించారు. ఆ దశాబ్దాల్లో మన తాతలు, తల్లిదండ్రులు పొందిన బాప్తిస్మాలకు, బల్లారాధనలకు ఏ లోటూ లేదు.

అపోహ: బిషప్ అయ్యేవారు చిన్ననాటి నుంచి సందేహమెరుగని విశ్వాసంతో, సంఘపు మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతూ ఆ పీఠానికి చేరుకుంటారు.

బెర్గ్‌గ్రావ్ కుటుంబాన్ని మాత్రమే చూస్తే ఈ అపోహ నిజమేననిపిస్తుంది. ఆయన తండ్రి ఒట్టో జెన్సెన్ విద్యా, సంఘ వ్యవహారాల మంత్రిగా పనిచేసి, చివరిలో కొద్దికాలం హామర్ బిషప్‌గా ఉన్నారు. కొడుకు 1908లో వేదాంత పట్టా పుచ్చుకున్నాడు. ఆ వెంటనే అభిషేకం పొంది సంఘ కాపరిగా వెళ్లడం అందరూ ఊహించిన దారి. ఆయన వెళ్లలేదు. ప్రసంగ పీఠమెక్కి చెప్పవలసినదాన్ని తాను నిజంగా నమ్ముతున్నానా అన్న ప్రశ్న ఆయనను వదలలేదు. దాదాపు పదేళ్లు యువజనులకు చదువు చెప్పే జానపద ఉన్నత పాఠశాలల్లో, ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో బోధిస్తూ గడిపారు. 1909 నుంచి సంఘానికి, సంస్కృతికి సంబంధించిన ఒక పత్రికకు సంపాదకుడిగా ఉంటూ, విశ్వాసానికి దూరమైన చదువుకున్నవారితో మాట్లాడే భాషను అక్కడే నేర్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో విలేకరిగా యుద్ధరంగాలకు వెళ్లి, మరణం ముందు నిలిచిన సైనికుడి మనసులో మతం ఏ రూపంలో ఉంటుందో పరిశీలించారు. ఆ ఆసక్తే తరువాత మత మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేటు పరిశోధనగా మారింది.

ముప్పై ఐదేళ్ల వయసు సమీపించాక, 1919లో హుర్దాల్ అనే గ్రామీణ ప్రాంతంలో సంఘ కాపరి అయ్యారు. ఆ తరువాత ఓస్లోలోని కారాగారంలో ఖైదీల పాస్టరుగా పనిచేశారు. నా దృష్టిలో ఆయన జీవితంలో అత్యంత ముఖ్యమైన శిక్షణ ఇదే. 1928లో ఖైదీ అంతరంగం గురించి ఆయన రాసిన పుస్తకానికి పెట్టిన పేరులోనే ఆ అంతరంగంతో పాటు మన అంతరంగం కూడా ఉంది. గది లోపల ఉన్నవాడికీ బయట తాళం చేతిలో ఉన్నవాడికీ దేవుని ఎదుట తేడా లేదన్న లూథరన్ బోధను ఆయన అక్కడ రోజూ చూశారు. పద్నాలుగేళ్ల తరువాత తానే ఖైదీ అయినప్పుడు తన కావలివాళ్లతో ఆయన మెలగిన తీరుకు పునాది ఇక్కడే పడిందని నేను భావిస్తాను.

1929లో ఆయన హోలోగలాండ్ బిషప్‌గా ట్రోమ్సో పట్టణంలో బాధ్యతలు స్వీకరించారు. ధ్రువ వృత్తానికి అటూ ఇటూ వ్యాపించిన ఆ డయోసిస్‌లో (బిషప్ పర్యవేక్షణ ప్రాంతంలో) నూర్డ్‌లాండ్, ట్రోమ్స్, ఫిన్‌మార్క్ ప్రాంతాలన్నీ ఉండేవి. నెలల తరబడి సూర్యుడు కనిపించని శీతకాలం, పడవ తప్ప వేరే దారి లేని రేవులు, చేపల వేటతో బతికే కుటుంబాలు, రెయిన్‌డీర్లను మేపుకునే సామీ ప్రజలు ఆయన సంఘం. బిషప్ పర్యటన అంటే అక్కడ ఊరేగింపు కాదు. తుఫాను తగ్గేవరకు రేవులో వేచి ఉండి, ఆ తరువాత ఒక చిన్న గుడిలో పిల్లలను ప్రశ్నోత్తరి అడిగి, కాపరి కష్టసుఖాలు విని, మళ్లీ పడవ ఎక్కడం. ఆ అనుభవాలతో ఆయన రాసిన పుస్తకాన్ని దేశమంతా చదివింది. 1937లో ఓస్లో బిషప్ అయినప్పుడు ఆయనకు ఉపాధ్యాయుడు, పత్రికా సంపాదకుడు, గ్రామ కాపరి, కారాగార పాస్టరు, ఉత్తర తీరపు బిషప్ అనే ఐదు రకాల అనుభవం ఉంది. బిషప్ పదవికి తగినవారిని గుర్తించవలసినవారు ఈ వరుసను ఒకసారి శ్రద్ధగా చూడాలని నా కోరిక.

అపోహ: బెర్గ్‌గ్రావ్ మొదటి రోజు నుంచే నాజీలను ఎదిరించిన వీరుడు.

ఆయనను ప్రేమించేవారే ఈ అపోహను ఎక్కువగా ప్రచారం చేశారు. వాస్తవం దీనికంటే క్లిష్టమైనది. ఆయన స్వభావరీత్యా మధ్యవర్తి. 1939 చివర, 1940 ఆరంభంలో బ్రిటన్ విదేశాంగ మంత్రి హాలిఫాక్స్‌ను, జర్మనీలో నాజీ నాయకుడు గోరింగ్‌ను స్వయంగా కలిసి శాంతికి దారి వెతికారు. 1940 ఏప్రిల్ 9న జర్మనీ నార్వేపై దాడి చేసినప్పుడు, సామాన్య పౌరులు యుద్ధంలో జోక్యం చేసుకోవద్దని విజ్ఞప్తి చేశారు. ఆక్రమిత ప్రాంతంలో పౌర వ్యవహారాలను నడపడానికి ఏప్రిల్ 15న పరిపాలనా మండలి ఏర్పడటంలో కూడా ఆయన పాత్ర ఉంది. ఉత్తరాన నార్వే సైన్యం ఇంకా పోరాడుతుండగా ఓస్లో బిషప్ ఇలా వ్యవహరించడం చాలామందికి బాధ కలిగించింది. ఆ విమర్శ అన్యాయమైనదని నేను అనలేను. రక్తపాతాన్ని ఆపాలన్న ఉద్దేశం నిజమైనదే, కానీ ఎదుటివాడు ఇచ్చిన మాటకు విలువ ఉంటుందన్న నమ్మకం ఆయనను తప్పు అంచనాలోకి నడిపించింది.

ఈ భాగాన్ని దాచిపెట్టి పాఠం చెబితే విద్యార్థులకు నష్టం. ఆ తొలి నెలలు గడిచాక, చట్టాన్ని కాపాడతామన్నవారే చట్టాన్ని కూలదోస్తున్నారని గ్రహించి ఆయన మారారు. ఆ మార్పు ఆవేశంలో వచ్చినది కాదు. లేఖనాన్ని, లూథర్‌ను, నార్వే రాజ్యాంగాన్ని పక్కపక్కనే పెట్టుకుని చదవగా వచ్చినది.

అపోహ: రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం ప్రకారం పాలకుడు ఏమి చెప్పినా లోబడాలన్నదే లూథరన్ బోధ. కనుక లూథరన్ బిషప్ ప్రభుత్వాన్ని ఎదిరించడం సిద్ధాంత విరుద్ధం.

నేను విన్న అపోహల్లో అన్నిటికంటే హానికరమైనది ఇదే. దీనికి కారణం లేకపోలేదు. జర్మనీలో అనేకమంది లూథరన్లు రెండు రాజ్యాల సిద్ధాంతాన్ని సరిగ్గా ఇలాగే వాడుకుని హిట్లర్ ముందు మౌనం వహించారు. దేవుడు లోకాన్ని రెండు విధాలుగా పరిపాలిస్తాడని, వాక్యం ద్వారా మనస్సాక్షిని, చట్టం ద్వారా బాహ్య జీవితాన్ని నడిపిస్తాడని లూథర్ బోధించిన మాట నిజం. కానీ రెండూ దేవుని పరిపాలనలే. పాలకుడు చట్టానికి అతీతుడు కాడు. తన హద్దు దాటి మనస్సాక్షి మీద చేయి వేసిన పాలకుడికి ఆ చోట విధేయత చూపనక్కరలేదని లూథరే 1523లో లౌకికాధికారం గురించిన రచనలో స్పష్టంగా రాశారు. ఆగ్స్‌బర్గ్ ప్రమాణంలోని 16వ అధికరణం కూడా పాలకులకు లోబడాలని చెప్పిన తరువాత, వారి ఆజ్ఞ పాపానికి దారితీసినప్పుడు మనుషుల కంటే దేవునికే లోబడాలన్న అపొస్తలుల కార్యముల మాటతో ముగుస్తుంది. మనలో చాలామంది మొదటి సగం చదివి పుస్తకం మూసేస్తారు.

1941లో బెర్గ్‌గ్రావ్ పాస్టర్ల మధ్య రహస్యంగా చేసిన ఒక ఉపన్యాసంలో బండి తోలేవాడికి మతి చలించినప్పుడు ఏమి చేయాలన్న లూథర్ పోలికను తీసుకున్నారు. అటువంటివాడి చేతిలో పగ్గాలు ఉంచడం విధేయత కాదని, అవిధేయత కొన్ని సమయాల్లో హక్కు మాత్రమే కాక విధి కూడా అవుతుందని ఆయన వాదన. ఆయన దృష్టిలో రోమీయులకు 13వ అధ్యాయం చెప్పే అధికారం న్యాయాన్ని నిలిపే అధికారం. న్యాయాన్ని తానే ధ్వంసం చేసే శక్తి ఆ పేరుకు తగదు.

ఈ వాదనకు ముందే ఆచరణ మొదలైంది. 1940 డిసెంబరులో నార్వే సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ కలిసి రాజీనామా చేశారు. 1941 జనవరిలో బిషప్పులు సంఘ వ్యవహారాల మంత్రిత్వ శాఖకు ఒక పత్రం పంపి మూడు విషయాలు లేవనెత్తారు. సుప్రీంకోర్టే నిలవని చోట న్యాయం ఎక్కడుంది, జర్మన్లతో చేతులు కలిపిన నార్వే నాయకుడు క్విస్లింగ్ పార్టీ దళాలు వీధుల్లో చేస్తున్న దౌర్జన్యాన్ని ఎవరు ఆపాలి, పాపపు ఒప్పుకోలులో విన్న విషయాలను పోలీసులకు చెప్పమని పాస్టర్లను బలవంతం చేసే ఉత్తర్వు ఎలా సమ్మతం అన్నవి ఆ మూడు. సరైన జవాబు రాకపోవడంతో ఫిబ్రవరిలో సంఘాలన్నిటికీ కాపరి లేఖ పంపారు. పోలీసులు ప్రతులను స్వాధీనం చేసుకునే ప్రయత్నం చేసినా దేశంలోని అనేక గుడుల్లో దానిని చదివి వినిపించారు. ఆ పత్రంలోని మూడు ప్రశ్నల్లో రెండు, సంఘానికి సొంత లాభం ఏమీ లేనివి. అవి దేశంలోని ప్రతి పౌరుడి న్యాయం గురించినవి. సంఘం తన గోడల లోపలి విషయాలకే పరిమితం కావాలన్న మాటకు ఇంతకంటే మంచి లూథరన్ జవాబు నాకు తెలియదు.

అపోహ: 1942లో బిషప్పులు రాజీనామా చేసి మందను విడిచిపెట్టారు.

ఈ మాట అన్నవారు రాజీనామా దేనికి చేశారో చూడలేదు. అప్పట్లో నార్వేలో లూథరన్ మతం రాజ్యపు మతం. బిషప్పులను నియమించేది రాజు, మంత్రివర్గం. జీతం ఇచ్చేది ప్రభుత్వం. అంటే ప్రతి బిషప్ చేతిలో రెండు విషయాలు కలిసి ఉండేవి, ఒకటి బలిపీఠం ముందు అభిషేకంలో పొందిన పరిచర్య, రెండోది రాజ్యం అప్పగించిన ప్రభుత్వ ఉద్యోగం.

1942 ఫిబ్రవరి 1న క్విస్లింగ్ ‘మంత్రి అధ్యక్షుడు’ అనే పేరుతో ప్రభుత్వాధినేతగా ప్రమాణం చేశాడు. అదే రోజు ట్రోన్‌హైమ్‌లోని నిదారోస్ కథీడ్రల్‌లో డీన్ (ప్రధాన పాస్టరు) ఆర్నే ఫెల్బూ నడపవలసిన ఉదయ ఆరాధనను ఆయన చేతిలోంచి తీసివేసి, పార్టీకి అనుకూలుడైన పాస్టరుతో జరిపించారు. ఫెల్బూ ఆరాధన మధ్యాహ్నానికి మారింది. అప్పటికి ప్రజలు తరలివచ్చారు, పోలీసులు తలుపులు మూసేశారు. లోపలికి వెళ్లలేకపోయినవారు ఆ చలిలో బయటనే నిలబడి లూథర్ రాసిన కీర్తన పాడారు. మన సంఘాల్లో ‘మా కర్త గట్టి దుర్గము’ అని పాడుకునే కీర్తనే అది. ఆ తరువాత ఫెల్బూను పదవి నుంచి తొలగించారు. అదే నెలలో పది నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలందరూ పార్టీ యువజన సేవలో చేరాలన్న చట్టం వచ్చింది.

ఫిబ్రవరి 24న నార్వేలోని ఏడుగురు బిషప్పులూ రాజీనామా చేశారు. వారి ప్రకటన సారాంశం ఇది: రాజ్యం ఇచ్చిన ఉద్యోగాన్ని రాజ్యానికే తిరిగి ఇస్తున్నాము, ఎందుకంటే అన్యాయం చేసే ప్రభుత్వం తరఫున ఉద్యోగులుగా కొనసాగలేము. కానీ బలిపీఠం ముందు దేవుడు అప్పగించిన పరిచర్య మాది, దానిని తీసుకునే హక్కు ఏ మంత్రికీ లేదు. ఆగ్స్‌బర్గ్ ప్రమాణపు 28వ అధికరణం నాలుగు వందల ఏళ్ల కిందట చేసిన విభజనను వారు అక్షరాలా అమలు చేశారు. జీతం, నివాసం, ముద్ర, సంతకం పోయాయి. వాక్యం, ప్రార్థన, సంస్కారాలు, ఆత్మల సంరక్షణ మిగిలాయి.

ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు పాస్టర్ల వంతు వచ్చింది. బెర్గ్‌గ్రావ్ ప్రధాన రచయితగా తయారైన ‘సంఘపు పునాది’ అనే ఆరు భాగాల ఒప్పుకోలు పత్రాన్ని దేశమంతటా ప్రసంగ పీఠాల నుంచి చదివి, వారు కూడా ప్రభుత్వోద్యోగాన్ని వదులుకున్నారు. దేవుని వాక్యపు స్వాతంత్ర్యం, అభిషేకపు పవిత్రత, బిడ్డలను పెంచడంలో తల్లిదండ్రులకు దేవుడిచ్చిన హక్కు, సంఘానికీ పాలకులకూ మధ్య సరైన సంబంధం అందులోని ముఖ్యాంశాలు. పదిమంది పాస్టర్లలో తొమ్మిదిమందికి పైగా ఇందులో పాల్గొన్నారు. వీరిలో చాలామందికి భార్యాపిల్లలు ఉన్నారు, వేరే ఆదాయం లేదు. ఆ తరువాత వారిని పోషించింది సంఘస్థుల కానుకలు. ప్రభుత్వం కొత్త బిషప్పులను నియమించింది, గుడి తాళాలు వారికి ఇచ్చింది. వారి ఆరాధనలకు వచ్చినవారు బహు కొద్దిమంది. పదవి నుంచి దిగిపోయిన కాపరుల వెంటనే మంద నడిచింది.

అపోహ: ఇదంతా ఒక్క బిషప్ ధైర్యం వల్ల జరిగింది.

1920లో ఓస్లోలో జరిగిన ఒక మహాసభ తరువాత నార్వే లూథరన్లు రెండు శిబిరాలుగా చీలి ఉన్నారు. ఉదారవాద వేదాంతులతో కలిసి పనిచేయకూడదని ఆచార్య ఊలె హాలెస్బీ నాయకత్వంలోని సంప్రదాయ పక్షం తీర్మానించుకుంది. బెర్గ్‌గ్రావ్‌ను ఆ పక్షం నమ్మేది కాదు. అటువంటి హాలెస్బీ, గ్రామాల్లో మిషన్ గృహాల ప్రజలు ఎంతో గౌరవించే సామాన్య బోధకుడు లుద్విగ్ హోపె, ఓస్లో బిషప్ 1940 అక్టోబరులో ఒకే బల్ల చుట్టూ కూర్చుని క్రైస్తవ ఐక్య మండలిని ఏర్పాటు చేశారు. ఇరవై ఏళ్ల వైరం పక్కకు పోకపోతే 1942లో కాపరి మాట గ్రామాల దాకా చేరేది కాదు. బెర్గ్‌గ్రావ్‌ను బంధించిన తరువాత తాత్కాలిక సంఘ నాయకత్వాన్ని హాలెస్బీ చేపట్టి, 1943లో తానూ నిర్బంధానికి గురయ్యారు. పిల్లలను పార్టీ యువజన సేవలో చేర్చే చట్టాన్ని వ్యతిరేకించిన ఉపాధ్యాయుల్లో వెయ్యి మందికి పైగా అరెస్టు కాగా, వారిలో వందలాది మందిని ఉత్తరాన కిర్కెనెస్‌కు పంపి కఠిన శ్రమ చేయించారు.

1942 నవంబరులో నార్వే యూదులను నిర్బంధిస్తున్నప్పుడు క్విస్లింగ్‌కు రాసిన నిరసన లేఖ మీద కూడా బెర్గ్‌గ్రావ్ సంతకం లేదు. అప్పటికి ఆయన బందీ. మిగిలిన బిషప్పులు, వేదాంత ఆచార్యులు, ఇతర క్రైస్తవ సంఘాలవారు కలిసి దానిని రాశారు. అయినా నవంబరు 26న డోనౌ అనే ఓడ 532 మంది యూదులతో ఓస్లో రేవు విడిచింది. వారిలో ప్రాణాలతో తిరిగి వచ్చినవారు అతి స్వల్పం. సంఘం అంతకుముందే, ఇంకా గట్టిగా యూదుల కోసం మాట్లాడి ఉండవలసిందన్న విమర్శను సంఘ చరిత్రకారులు అంగీకరించక తప్పదు.

అపోహ: జర్మన్ పాస్టరు బోన్‌హోఫర్ వచ్చి బెర్గ్‌గ్రావ్‌ను విడిపించాడు.

ఈస్టర్ తరువాత కొద్దిరోజులకే బెర్గ్‌గ్రావ్‌ను అరెస్టు చేసి బ్రెద్‌వైత్ కారాగారంలో ఉంచారు. ఆయనను కఠినంగా శిక్షించాలని క్విస్లింగ్ కోరుకున్నాడు. ఆ సమయంలోనే జర్మన్ సైనిక గూఢచార శాఖ తరఫున లోలోపల హిట్లర్‌ను వ్యతిరేకించే హెల్ముట్ ఫాన్ మోల్ట్‌కే, డీట్రిక్ బోన్‌హోఫర్ ఓస్లో వచ్చారు. సంఘంతో ఘర్షణ జర్మన్ సైన్యానికే నష్టమని అధికారులకు చెప్పడం వారి బహిరంగ పని. వెనక్కి తగ్గవద్దని నార్వే సంఘ నాయకులకు ధైర్యం చెప్పడం వారి అసలు పని. వారు బెర్గ్‌గ్రావ్‌ను కలవలేకపోయారు. ఆయన విడుదల కూడా కాలేదు. బెర్లిన్ నుంచి వచ్చిన ఆదేశంతో కారాగారం నుంచి ఆస్కెర్ అడవిలోని ఒక కుటీరానికి మార్చారు. 1945 ఏప్రిల్ వరకు, మూడేళ్లు ఆయన అక్కడే ఒంటరి నిర్బంధంలో ఉన్నారు. మోల్ట్‌కేను 1945 జనవరి 23న, బోన్‌హోఫర్‌ను అదే ఏడాది ఏప్రిల్ 9న నాజీలు ఉరితీశారు.

ఆ మూడేళ్లూ బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా గడిచాయనుకోవడం కూడా సరికాదు. కావలి కాయడానికి వచ్చిన పోలీసుల్లో కొందరు క్రమంగా ఆయనకు నమ్మకస్థులయ్యారు. వారి సహాయంతోనే ఉత్తరాలు అందేవి, వేషం మార్చుకుని రహస్యంగా బయటకు వెళ్లి సంఘ నాయకులను కలిసి రావడం సాధ్యమైంది, చివరికి తప్పించుకోవడం కూడా. కారాగార పాస్టరుగా తాళం చేతబట్టినవారిని కూడా మనుషులుగా చూడటం నేర్చుకున్న వ్యక్తికి ఇది జరగడంలో నాకు ఆశ్చర్యం కనిపించదు.

అపోహ: లూథరన్ బిషప్ తన డయోసిస్‌కు, తన సంఘానికి మాత్రమే పరిమితుడు. ఒకసారి ఎక్కిన పీఠం మీద జీవితాంతం ఉంటాడు.

యుద్ధం ముగిశాక బెర్గ్‌గ్రావ్ ఓస్లో బిషప్‌గా తిరిగి బాధ్యతలు చేపట్టారు. 1946లో వివిధ దేశాల బైబిలు సంఘాలు కలిసి ఐక్య బైబిలు సంఘాలుగా ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షుడు ఆయనే. యుద్ధంలో శత్రువులుగా ఉన్న దేశాల క్రైస్తవులను ముందుగా ఒకే గ్రంథం చుట్టూ కూర్చోబెట్టాలన్నది ఆయన ఆలోచన. 1948లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రపంచ సంఘాల మండలి ఏర్పాటులో పాల్గొని, 1950 నుంచి 1954 వరకు దాని అధ్యక్షుల్లో ఒకరిగా ఉన్నారు. అనారోగ్యం వల్ల 1951 నాటికి ఓస్లో పీఠాన్ని విడిచిపెట్టారు. లూథరన్ బిషప్‌కు పదవీ విరమణ ఉంటుంది, విరమించాక ఆయన మళ్లీ అభిషిక్తుడైన ఒక పాస్టరు. నేటి లూథరన్ సంఘాల్లో కొన్ని తమ బిషప్‌ను నిర్ణీత కాలానికి ఎన్నుకుంటాయి, మరికొన్ని విరమణ వయసు వరకు కొనసాగనిస్తాయి. ఈ రెండింటిలో ఏది కూడా సిద్ధాంతానికి సంబంధించినది కాదు, సంఘ నియమావళికి సంబంధించినది.

విరమణ తరువాత, 1952లో హనోవర్‌లో జరిగిన లూథరన్ ప్రపంచ సమాఖ్య మహాసభలో ఆయన రాజ్యం, సంఘం అనే విషయంపై ప్రసంగించారు. వినేవారిలో ఎక్కువమంది జర్మన్లు, పన్నెండేళ్లు విధేయత పేరుతో మౌనంగా ఉన్న సంఘాలకు చెందినవారు. అన్యాయపు ప్రభుత్వాన్ని ఎదిరించే హక్కు లూథరన్ బోధలోనే ఉందని, లూథర్ పేరు చెప్పి గుడ్డి విధేయతను నేర్పడం లూథర్‌కే అన్యాయమని ఆయన వారి ముందు వాదించారు. అంతటితో ఆగక, ప్రజల సంక్షేమమంతా తానే చూసుకుంటానని చెప్పే మంచి ప్రభుత్వం కూడా మెల్లగా మనుషుల మనస్సాక్షిని తన చేతిలోకి తీసుకునే ప్రమాదం ఉందని హెచ్చరించారు. ఈ రెండో హెచ్చరికపై స్వదేశంలో ఆయనకు వ్యతిరేకత వచ్చింది. సంక్షేమ రాజ్యం గురించి ఆయన భయం అతిగా ఉందని నేను అనుకుంటాను, కానీ శత్రు ప్రభుత్వానికి వేసిన ప్రశ్ననే మిత్ర ప్రభుత్వానికీ వేయడం బిషప్ పనిలో భాగమేనన్న ఆయన పట్టుదలతో మాత్రం పూర్తిగా ఏకీభవిస్తాను.

1909లో చేపట్టిన పత్రిక సంపాదకత్వాన్ని 1959లో మరణించేవరకు ఆయన వదలలేదు. ఇక ఆయన కాలంలో బిషప్పులను రాజు, మంత్రివర్గమే నియమించే పద్ధతి నార్వేలో 2012 రాజ్యాంగ సవరణతో ముగిసింది. 2017 జనవరి 1 నుంచి నార్వే సంఘం రాజ్యం నుంచి వేరైన స్వతంత్ర చట్టబద్ధ సంస్థగా ఉంది. బిషప్పులను ఇప్పుడు సంఘమే తన మండలుల ద్వారా నియమించుకుంటోంది.